మోక మిల్లులో తొలి కాటా

మా పెద్దనాయన పోయిన ఏడాదికి మోక ఊళ్ళో ఆయన బియ్యం మిల్లులోని కంప్యూటర్ కూడా పోయింది. రెంటిలో దేనికి ఇంట్లోవాళ్ళు ఎక్కువ దిగులుపడ్డారో నేను చెప్పను. చెబితే మళ్ళీ నా నోరు మంచిది కాదంటారు. తవుడు దుమ్ములో, బళ్ళారి ఎండలో, వచ్చేపోయే కరెంటుతో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన యంత్రం అది. ఒక మధ్యాహ్నం ఆగిపోయింది, మళ్ళీ లేవలేదు. పెద్దనాయన కొడుకు ప్రకాశ, నాకంటే చిన్నవాడు, టౌన్ నుంచి ఒక కంప్యూటరాయన్ని పిలిపించి దాని లోపలి సరుకంతా కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. పాత కంప్యూటర్ వేషం కట్టే ప్రోగ్రాములు ఇప్పుడున్నాయి, ఎమ్యులేటర్లంటారు. ఆ వేషం లోపల పాత నల్లటి తెర, దాన్ని నడిపే పాత డాస్, బండ్ల బరువు రాసుకునే పాత కాటా ప్రోగ్రాం అన్నీ ప్రాణంతో లేచి కూర్చున్నాయి. ఒక్క రోగం మాత్రం కొత్తగా వచ్చింది. పొద్దున తొలి బండి కాటా ఎక్కగానే ప్రోగ్రాం కొయ్యబారిపోయేది. దాన్ని ఆపి మళ్ళీ లేపి, ఆ బండిని చేత్తో రాసుకుంటే, తర్వాతి బండ్లన్నిటికీ సాయంత్రం దాకా బాగానే నడిచేది.

ప్రకాశ నాకు ఫోన్ చేశాడు. "అక్కా, యాడుండావు? ఒక తూరి మోకకు రాక్కా. బోణీ బండికే నిలబడిపోతాండాది. పెద్దాయన పోయినంక మిల్లులో లక్ష్మి నిలుస్తాలేదని హమాలోళ్ళు ఊరంతా చాటుతాండారు. అమ్మ నిమ్మకాయలు కట్టించె, అయినా అంతే."

"నిమ్మకాయలకు డాస్ వచ్చునా? కొత్త ప్రోగ్రాం రాయించుకో" అన్నాను.

"నాయన పెట్టిన పద్ధతి అక్కా అది. హుబ్బళ్ళి నుంచి ఇంజనీర్ని పిలిపించి రాయించినాడు. తీసేస్తే అమ్మ ఊరుకుంటాదా?"

హుబ్బళ్ళి ఇంజనీరు నాకు బాగా గుర్తున్నాడు. కాటా బిగించడానికి వచ్చాడు, నల్ల కళ్ళద్దాలు తీయకుండానే రెండు ప్లేట్ల ఉగ్గాని, దాని మీదికి మిరపకాయ బజ్జీలు తిన్నాడు, ప్రోగ్రాం రాయడం తన పని కాదని వెళ్ళిపోయాడు. రాసింది నేను. కాలేజీలో డిగ్రీ చివరి ఏడాది చదువుతూ ఆదివారాలు మిల్లులో కూర్చుని రాశాను. అది ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేకపోవడం నాకు కొత్త కాదు గనుక ఆ మాట అప్పటికి మింగాను. నేను మింగలేనిది మరొకటి ఉంది. ఆ ప్రోగ్రాం రాసిన ఏడాదే నేను బెంగళూరు నుంచి రావలసిన ఒక ఫోన్ కోసం కాచుకుని ఉన్నాను. ఒక ఉద్యోగం ఆ ఫోన్ మీద ఆధారపడి ఉండింది. ఆ ఫోన్ రాలేదు. రాలేదనే నమ్మి ఇంత వయసుదాకా వచ్చాను.

అప్పుడు మేమంతా బళ్ళారి కంటోన్మెంటులో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మందపాటి రాతి గోడలు, ఎత్తైన కప్పు, ఎండాకాలంలో కూడా అరికాళ్ళకు చల్లగా తగిలే కడప బండలు. ముందు గదుల్లో పెద్దనాయన సంసారం, వెనక గదుల్లో మా నాయన, అమ్మ, నేను. ఇల్లు ఎవరి మాట మీద నడుస్తుందో కొత్తవాళ్ళకు గదులే చెప్పేవి. వెలుగు రాకముందే పెద్దమ్మ జొన్న రొట్టెలు తట్టే చప్పుడు మొదలయ్యేది. కాలిన పిండి వాసన, నూరిన పల్లీల పొడి వాసన, వెనకాల వేన్నీళ్ళ పొయ్యి పొగ, వాటి మీదుగా పెద్దనాయన విభూతి వాసన. ఆయన స్నానం చేసి, ఒక్క మాట లేకుండా తిని, ఒక్క మాట లేకుండా జీపెక్కి మోకకు వెళ్ళేవాడు. మిల్లులో తొలి బండి కాటా ఎక్కి దిగేదాకా, అంటే బోణీ అయ్యేదాకా, ఆయన దగ్గర ఎవరూ నోరు తెరవకూడదు. తెరిచినా బోణీకి ముందు విన్నమాట ఆయన లెక్కలో వినని మాటే. ఊక కుప్ప అంటుకుందని పరిగెత్తుకొచ్చిన హమాలీని కూడా చెయ్యెత్తి ఆపి, బండి కాటా దిగాక "ఇప్పుడు చెప్పప్పా" అన్నాడని మా ఇంట్లో ఎంతో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. సగం ఊక బూడిదైన సంగతి ఆ కథలో చివరికి, గొంతు తగ్గించి వచ్చేది.

బోణీ బండిని ఒకటి అని లెక్కపెట్టరు. గింజలు కొలిచే మావాళ్ళందరిలాగే మిల్లులోనూ మొదటిది లాభం, తర్వాతది రెండు. ఇంట్లో కూడా అట్లాంటి కట్టుబాట్లే. పెద్దనాయన అడిగితే చెప్పాలి, అడగకపోతే చెప్పకూడదు. ఆయన్ని అడగడమనేది అసలు లేదు. మా నాయన ఆయన తమ్ముడే, మిల్లు లెక్కలన్నీ రాసేవాడు, మధ్యాహ్నం అన్నతో కలిసి ఒకే కారియర్‌లో అన్నం తినేవాడు. అయినా అన్నను నోరు తెరిచి ఏదైనా అడగమంటే, తెగిన కరెంటు తీగను పట్టుకోమన్నట్టు చూసేవాడు. నన్ను కంప్యూటర్ చదువులో చేర్పించడానికి కూడా అమ్మకు చెప్పి, అమ్మచేత పెద్దమ్మకు చెప్పించి, పెద్దమ్మచేత పెద్దనాయనను ఒప్పించాడు. అప్పట్లో నాకది మా నాయన తెలివిగా కనిపించింది. మెత్తని మనిషి, సాయంత్రం సైకిల్ దిగేసరికి చొక్కానిండా తవుడు వాసన, వేళ్ళకు సిరా. నన్ను ఒక్క రోజూ కసరలేదు. ఇంట్లో నాతో వాదించకుండా నా మాట వినేవాడు ఆయనొక్కడే కాబట్టి నా ప్రేమంతా ఆయన మీదే ఉండేది.

హుబ్బళ్ళి మనిషి వెళ్ళాక ఒక రాత్రి భోజనాల దగ్గర పెద్దనాయన నావైపు తలతిప్పి, "ఏమ్మీ, నువ్వు చదువుతాండేది ఇదే గదా?" అన్నాడు. ఆయన నన్ను నేరుగా అడిగిన మొదటి మాట అది. ఆ తర్వాత ఆదివారాలు జీపు వెనక సీట్లో, బోణీ దాకా నోరు మూసుకుని, మోకకు వెళ్ళేదాన్ని. ఉడికిన వడ్ల పుల్లటి ఆవిరి గది నిండా ఉండేది. బండి ఎక్కే ఇనుప పలక కింది నుంచి ఒక తీగ బరువు చూపే పెట్టెకు, ఆ పెట్టె నుంచి ఇంకో తీగ కంప్యూటర్‌కు. నా పనల్లా కంప్యూటర్ ఆ పెట్టెను "ఎంత?" అని అడిగేటట్టు, పెట్టె చెప్పింది విని చీటీ మీద అచ్చు వేసేటట్టు చేయడం.

ఇక్కడ ఇంటరప్ట్ అనే దాన్ని గురించి రెండు మాటలు చెప్పాలి. కంప్యూటర్ తన పనేదో చేసుకుంటూ ఉంటుంది. తీగ మీద ఏదన్నా వస్తే ఒక చిన్న కబురు దాన్ని తట్టి లేపుతుంది. అది చేతిలో పని ఉన్నచోటే ఆపి, వచ్చినదాన్ని అందుకుని, "అయింది, ఇక వేరేవాళ్ళు పిలవచ్చు" అని చెప్పి, మళ్ళీ పాత పని దగ్గరికి వెళుతుంది. వంటింట్లో బతికిన ఏ ఆడదానికైనా ఇది అక్షరం ముక్క రాకుండానే తెలుసు. ఆ పోలికను నేను పాఠం చెప్పే క్లాసుల్లో సాగదీసి సాగదీసి నాకే విసుగొచ్చింది గనుక ఇక్కడితో వదిలేస్తాను. మిల్లులో నాకు ఎదురైన చిక్కు వేరు. పెద్ద మోటారు వేసినప్పుడల్లా తీగ మీద ఏదో చెత్త వచ్చిపడేది, ఇంటరప్ట్ లేచేది, పలక మీద బండి లేకుండానే తెరమీద బరువు పడేది. "బండి లేకుండా బరువు యాడ నుంచి వచ్చె?" అని పెద్దనాయన జడుసుకున్నాడు. నేను ఒక నియమం రాశాను: మనం అడిగి, జవాబు కోసం చెవి ఒగ్గి ఉన్నప్పుడు వచ్చిందే తీసుకోవాలి. చెవి ఒగ్గనప్పుడు ఏది వచ్చినా పారేయాలి. పెద్దనాయనకు అది విడమర్చి చెబితే, "సరిగ్గా రాసినావమ్మీ. మన ఇంటి పద్ధతే" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే, అందులో కూడా మెప్పు ఆయన ఇంటికే పోయింది.

ఆయనకు ఇంకొక కోరిక ఉండేది. తొలి బండి చీటీలో అంకె కన్న ముందు లాభం పడాలి. అందుకని ఆ ఒక్క బండికి మాత్రం వరస ఇట్లా పెట్టాను: ముందు పెట్టెను "ఎంత?" అని అడగడం, ఆ వెంటనే చీటీ మీద శ్రీకారమూ లాభమూ అచ్చు వేయడం, ఆ తర్వాత జవాబు కోసం చెవి ఒగ్గడం. ఆ పాత పెట్టె నిదానమైంది. బండి బరువుకు పలక ఊగుతుంది, ఆ ఊపు పూర్తిగా నిలిస్తేగానీ అది నోరు విప్పదు. ఈలోపల నా లాభం అచ్చుపడిపోయి, కంప్యూటర్ చెవి ఒగ్గుకుని సిద్ధంగా ఉండేది. ఒక్క రోజు తప్పలేదు.

ఆ రోజుల్లోనే బెంగళూరులో ఒక కంప్యూటర్ కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. నాయన వెంట వచ్చాడు. నేను లోపల ఉన్నంతసేపూ మెట్ల మీద పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాచ్‌మన్ లేవమంటే లేచి, అవతల గోడ పక్కన నిలబడ్డాడు. లోపల ఒక పెద్దమనిషి ఇంటరప్టులంటే ఏమిటన్నాడు. పుస్తకంలోది కాకుండా మా కాటా సంగతి, బండి లేని బరువు సంగతి చెప్పాను. ఆయన నవ్వి, పక్క గదిలోంచి ఇంకొకాయన్ని పిలిచి, "మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు. ఆ ఒక్క మధ్యాహ్నం నేను ఏమిటో నాకు తెలిసింది. ఫోన్ చేసి చెబుతామన్నారు. మా ఇంట్లో ఫోన్ లేదు, మిల్లు నంబరు ఇచ్చాను.

తర్వాత రోజూ సాయంత్రం నాయన ఇంటికి రాగానే ఫోన్ సంగతి అడగడం, రాలేదనడం. వానాకాలం వచ్చింది, పోతున్నది. చివరికి ఉండబట్టలేక ఎస్‌టీడీ బూత్‌కు వెళ్ళి కంపెనీకి నేనే చేశాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి, "సెలెక్ట్ ఆదవరిగెల్లా ఆగలే హేళిదీవి" అన్నది. ఎంపికైనవాళ్ళకంతా అప్పుడే చెప్పేశారట. ఇక అడగడానికి ఏముంది. నాకు చెప్పలేదంటే నేను ఎంపిక కాలేదు. ఆ పెద్దమనుషులు నవ్వింది నా తెలివికి కాదు, నా పల్లెటూరి ఇంగ్లీషుకు అని అప్పుడు అర్థం చేసుకున్నాను. ఆ అర్థం మీదే తర్వాతి బతుకంతా కట్టుకున్నాను. టౌన్‌లో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగ్ నేర్పాను, పెళ్ళి చేసుకున్నాను, తర్వాత ఒక ప్రైవేటు కాలేజీలో బీకాం పిల్లలకు ఏళ్ళ తరబడి అవే పాఠాలు చెప్పాను. నాకంటే మొద్దువాళ్ళు, నా క్లాసులో నిద్రపోయినవాళ్ళు, అట్లాంటి కంపెనీలకు వెళ్ళి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టారు. గట్టిగా మాట్లాడే ఆడదానికి లోపల కూడా అంత గట్టి ఉంటుందని అందరూ అనుకుంటారు. నేను ఎవరితో ఏ వాదన గెలిచినా ఇంటికెళ్ళి ఆలోచించేది ఒకటే: నిజంగా తెలిసినవాళ్ళ ముందు నేను నిలవలేదు గదా అని.

సరే, మోకకు వెళ్ళాను. బస్సు దిగి నడిచి వెళితే మిల్లు గుర్తుపట్టలేకపోయాను. బియ్యం రంగు చూసి ఏరే యంత్రాలు వచ్చాయి, హమాలీల్లో సగంమంది హిందీలో తిట్టుకుంటున్నారు. ఆఫీసు గదిలో మాత్రం పెద్దనాయన కుర్చీ అట్లాగే ఉంది. పక్కన స్టూలు మీద పెద్దమ్మ, చేట ఒళ్ళో పెట్టుకుని వెల్లుల్లి వలుస్తోంది. ఆయన పోయినప్పటినుంచి పొద్దున బోణీ చూడనిదే ఆమెకు మనసు నిలవదట. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాత డిస్కులోని ఫోల్డర్లు తెరిచాను. వాటిలో ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో వనజ అని నా పేరుతో ఉంది. నేను రాసిన ప్రోగ్రాం మూలమంతా అందులోనే ఉంది.

ప్రకాశ వంగి చూశాడు. "ఇదేంది అక్కా, ఇందులో నీ పేరుండాది?"

"హుబ్బళ్ళి ఇంజనీరుకు నా పేరంటే ఇష్టం" అన్నాను.

పెద్దమ్మ వలవడం ఆపకుండానే, "అవు గదా, ఆదివారాలు జీపులో పోతాంటివి నువ్వు" అన్నది. ప్రకాశ ఒకసారి తెరను, ఒకసారి నన్ను చూసి, కాఫీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు. వాడి క్షమాపణలు ఎప్పుడూ కాఫీ రూపంలోనే ఉంటాయి.

ఎమ్యులేటర్లో ఒక మంచి గుణం ఉంది. వేషం లోపల ఏ ఇంటరప్ట్ ఎప్పుడు లేచిందో, కంప్యూటర్ దాన్ని ఏం చేసిందో పక్కన ఇంకో కిటికీలో వరసగా చూపిస్తుంది. నిజమైన పాత యంత్రంలో ఈ భాగ్యం లేదు. లోపలి తేదీ మార్చి, దానికి పొద్దు కొత్తగా మొదలైనట్టు నమ్మించి, పలక మీద నిలబడ్డ రూపనగుడి ఊరి ట్రాక్టరును తొలి బండిగా పెట్టి చూశాను. మొదటి ప్రయత్నానికే దొరికింది. ఈ ఎమ్యులేటర్ రాసినవాడెవడో మహానుభావుడు, పాత కంప్యూటర్‌లోని ప్రతి పనినీ అచ్చు గుద్దినట్టు పట్టుకున్నాడు, దాని నిదానాన్ని మాత్రం వదిలేశాడు. బరువు చూపే పెట్టె కూడా ఇప్పుడు కొత్తది, దానికి ఊపు నిలిచేదాకా ఓపిక లేదు. అడిగీ అడగకముందే చెప్పేస్తుంది.

కాఫీ తెచ్చిన ప్రకాశకు చూపించాను. "చూడు. మనం ఎంత అని అడిగినాం. జవాబు అప్పుడే వచ్చేసింది. మనమింకా లాభం రాసుకుంటా ఉండాం, చెవి ఒగ్గలేదు. చెవి ఒగ్గనప్పుడు వచ్చింది గాబట్టి చెత్త అనుకోని పారేసింది. పారేసినంక తీరిగ్గా చెవి ఒగ్గి కూర్చోని, రాలేదు రాలేదని ఎదురుచూస్తాండాది. ఇంగేం వస్తాది? వచ్చింది వచ్చే పోయె. తక్కిన బండ్లకు లాభం రాసే పని లేదు, అందుకే వాటికి నిలబడదు."

"అంటే నీ ప్రోగ్రాంలో తప్పుండాది అంటావు."

"తప్పు యాడుంది? ఆ యంత్రానికి అది ఒప్పే. ఇంత తొందర మనుషులు వస్తారని నాకెట్ల తెలుస్తాది?"

వాదన ఇంకా సాగేదే. పెద్దమ్మ వెల్లుల్లి పొట్టు ఊదుతూ, "నీ బెంగళూరు ఫోను మాదిరి అన్నమాట" అన్నది.

నాకు వినపడింది, కానీ అర్థం కాలేదు. "ఏ ఫోను పెద్దమ్మా?"

"అదేనమ్మా, ఉద్యోగానిది. నేనూ ఆ పొద్దు ఈడే ఉంటి, శుక్రవారం పూజకు వచ్చింటి. వానలకు బండ్లు లేటు, ఇంగా బోణీ కాలేదు. ఎవురో ఆడపిల్ల కన్నడంలో, వనజ అవర మనేనా, కెలసద విషయ అనె, వనజ వాళ్ళ ఇల్లేనా, ఉద్యోగం సంగతి అని. మీ పెద్దనాయన, బోణి ఆగిల్లమ్మా ఆమేలె మాడి అని, బోణీ అయినంక చేయమని పెట్టేసె. మరుసటి దినమూ పొద్దున్నే చేసినారంట. వాళ్ళ ఆఫీసు తెరిచే యాళ గదా అది. ఊరికే పొద్దున్నే చేస్తే ఎవురు మాట్లాడతారు?"

ప్రకాశ కాఫీ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నేను ల్యాప్‌టాప్ వదిలి ఆమె వైపు తిరిగి అడిగాను. "బోణీ అయినంక నాకు చెప్పొచ్చు గదా పెద్దనాయన?"

"బోణీకి ముందర విన్నది ఆయప్ప లెక్కలో యాడుంటాది? మరిచిపోయింటాడు. నీ మీద కోపమేం లేదమ్మా ఆయనకు, దేవుని మీద ఆన. మీ నాయన ఒక్క తూరి అడిగింటే ఉన్నదున్నట్ల చెప్పేవాడే. అబద్ధమాడే మనిషా?"

"నాయన అడిగినాడు. రోజూ అడిగినాడు."

"యాడడిగినాడు? ఆ వానాకాలమంతా మధ్యాహ్నం కారియర్ తెచ్చి నేనే ఈడ వడ్డిస్తాంటి ఇద్దరికీ. తల వంచుకోని తినేది, చేయి కడుక్కునేది. నోరు తెరిచిందే లేదు మీ నాయన." ఆమె ఇంకో పాయ అందుకుంది. ఎనభై దాటిన మనిషి, ఆమె మాటలో కల్మషం లేదు. నిజం చెబితే అదే నన్ను చంపింది. కక్షతో చేసి ఉంటే ఆ ఇంటిని, ఆ కుర్చీని, పోయిన మనిషిని కూడా వదలకుండా తిట్టి ఉండేదాన్ని, నాకది చేతనవును. ఆడపిల్లకు బెంగళూరులో ఉద్యోగమేమిటని అడ్డుపడి ఉంటే, పోట్లాడటానికి ఒక మనిషన్నా ఉండేవాడు. ఇక్కడ ఎవరూ అడ్డుపడలేదు. నా బతుకు వచ్చి తలుపు తట్టింది, వీళ్ళు తమ అలవాటు ప్రకారం తలుపు తీయలేదు, అంతే.

పెద్దనాయన సంగతి అంతటితో పోనీ. నన్ను లోపల తినేది ఆయన కాదు. ఆ సాయంత్రాలు గుర్తుకొచ్చాయి. గేటు చప్పుడు, సైకిల్ స్టాండు వేసిన చప్పుడు, నేను గడపలో నిలబడి నోరు తెరవడం, "ఫోను" అనే మాట పూర్తిగా బయటికి రాకముందే నాయన, "రాలేదమ్మీ." ప్రతిరోజూ అంతే. నేను ఆశగా నిలబడటం చూడలేక ఆయన అంత త్వరగా చెప్పేస్తున్నాడని అనుకునేదాన్ని. ఆ తొందరను ప్రేమ అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నానో, మా నాయనకు నా బాధ చూసే ధైర్యం ఉండేది కాదని. ధైర్యం లేనిది నిజమే, కాకపోతే అది లేనిది వేరే చోట. నిజంగా వెళ్ళి కనుక్కుని వచ్చిన జవాబు అంత తొందరగా రాదు. పలక ఊపు నిలవాలి, ఎవరో ఎవరినో అడగాలి, తిరిగి రావాలి. ఈ పాఠం నేను బతుకంతా చెప్పాను. బెంగళూరులో గోడ పక్కన ఎండలో నిలబడిన మనిషి, మిల్లులో ఒకే కారియర్ ముందు కూర్చుని అన్నను ఒక్క మాట అడగలేకపోయాడు. అడగకుండానే నాకు రోజూ జవాబు చెప్పాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఫోటోతో నేను వాదించను, అది నాకు రాదు.

ఆ కాలపు నిదానంలో ఎంత హాయి ఉండేదో చెప్పే పుస్తకాలు మా ఇంట్లో ఒక అర నిండా ఉన్నాయి. ఒక రొట్టె, ఒక పలకరింపు, ఎవరికీ తొందరలేని పొద్దులు. చదువుతుంటే నాకూ బాగుంటుంది, కాదనను. ఆ రొట్టెల వాసన నా ముక్కులోంచి ఇంకా పోలేదు. కానీ ఆ నిదానం ఎవరికి సుఖమో, ఆ నిదానంలో గడపలో నిలబడి ఉండిపోయినవాళ్ళు ఎవరో ఆ పుస్తకాలు రాయవు. ఇప్పుడు నా క్లాసులో ఆడపిల్లల ఫోన్లు వాళ్ళ చేతుల్లోనే మోగుతాయి. మోగినప్పుడల్లా వాళ్ళు నా పాఠం వదిలేసి దాన్ని చూస్తారు, నేను కసురుతాను. ఆ రోజు తర్వాత కసరడం మానేశానని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. కసురుతూనే ఉన్నాను, కాకపోతే ఫోన్ లాక్కోవడం మానేశాను. వాళ్ళకీ ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంటుంది, ఈ కాలం దయగలదని నేను సర్టిఫికెట్ ఇవ్వను. ఏదన్నా వచ్చి పోతే, వచ్చిందని మాత్రం వాళ్ళకు తెలుస్తుంది. కాదని వాళ్ళే అనుకోవచ్చు, అవునని వాళ్ళే అనుకోవచ్చు. నాకు ఆ కాదనే హక్కు కూడా మిగల్చలేదు.

ప్రకాశ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, టౌన్ కంప్యూటరాయన ఒక ఉపాయం చెప్పాడన్నాడు. ఎమ్యులేటర్‌లో ఇంటరప్ట్‌ను కొంచెం ఆపి ఆపి ఇచ్చే ఏర్పాటు ఉందట. కావాలని నిదానం చేస్తే ప్రోగ్రాం ముట్టుకోనక్కర్లేదు, వాళ్ళ నాయన పద్ధతి ఎట్లున్నది అట్లే ఉంటుంది. వద్దన్నాను. ఆ నిదానాన్ని నా చేత్తో మళ్ళీ తయారుచేసి పెట్టే ఓపిక నాకు లేదు. పాత మూలం తెరిచి వరస మార్చాను. పెట్టెను అడగకముందే చెవి ఒగ్గడం, అడగడం, లాభం ఆ తర్వాత. చీటీ మీద మాత్రం లాభమే ముందు పడుతుంది, అంకె దాని కింద. చూసేవాళ్ళకు ఏ తేడా తెలియదు. ఇంకొకటి కూడా చేర్చాను. పాత ప్రోగ్రాంలో ఒకసారి అడిగితే జవాబు వచ్చేదాకా ఎదురుచూడటమే ఉండేది. అట్లా కాకుండా, రెండు మూడు ఊపిరులు చూసి రాకపోతే మళ్ళీ అడగాలి, అప్పటికీ రాకపోతే తెరమీద ఎర్రగా రాసి మనిషిని పిలవాలి.

తేదీ మళ్ళీ మార్చి, రూపనగుడి ట్రాక్టరు మీదనే తొలి బండి ఆడించాను. చీటీ మీద శ్రీ పడింది, లాభం పడింది, దాని కింద బరువు పడింది. పెద్దమ్మ చేట పక్కన పెట్టి, చీటీని కళ్ళకద్దుకుని, "చూస్తివా, మీ పెద్దనాయన పద్ధతి ఎట్ల నడుస్తాండాదో" అన్నది. బయట హమాలీలు ఈలలు వేశారు. ప్రకాశ తీగ ఊడదీసి ఒకసారి పరీక్ష చేసి చూశాడు. పెట్టెను అడిగిన ప్రశ్న తెర మీద పడింది, కాసేపాగి మళ్ళీ పడింది.

"ఇదేంది అక్కా, జవాబు రాకపోతే మళ్ళీ మళ్ళీ అడుగుతాది ఇప్పుడు?"

"అడుగుతాది."

"ముందర అట్ల లేకుండె గదా?"

"ముందర రాసినప్పుడు," అన్నాను, "ఒక తూరి అడిగితే చాలనుకుంటి."